కొండల పటం మీద మేఘం ఎందుకు పక్కకు జరుగుతోంది?

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం. అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం ఎత్తుల డేటాతో, పటాలు గీసే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో కొండల పటం తయారుచేసి, దానిమీద ఇన్సాట్ ఉపగ్రహపు పరారుణ (వేడిమిని నమోదుచేసే) చిత్రాన్ని పరిచాను. రెండింటి ప్రొజెక్షన్లు (గుండ్రటి భూమిని చదునైన పటంగా పరిచే పద్ధతులు) సరిచూసుకున్నాను. అయినా పర్లాకిమిడిలో కుండపోత కురుస్తున్న వేళ మేఘం మాత్రం ఉత్తరాన కొండల మీద కనిపించింది. మిత్రుడు పంపిన క్యూజీఐఎస్ ప్రాజెక్టు ఫైలు తెరిస్తే మాక్రోలకు (ఫైలులోనే ఇమిడి ఉండే చిన్న ప్రోగ్రాంలకు) అనుమతి అడిగింది, ఇచ్చాను. పటం ఇంకా స్పష్టంగా వచ్చింది కానీ ఆ తేడా పోలేదు. ఏ పల్లెకు వాన ముప్పు ఉందో దీనితో చెప్పవచ్చా?

జవాబు: ఈ వానాకాలంలో రాయగడ, గజపతి జిల్లాల నుంచి ఇదే ఫిర్యాదు రావడం మూడోసారి. మీ ప్రొజెక్షన్లలో తప్పు లేదు. భూమధ్యరేఖకు పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం మన ప్రాంతాన్ని దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా చూస్తుంది. అందువల్ల 15 కిలోమీటర్ల ఎత్తుకు పెరిగిన క్యుములోనింబస్ (ఉరుముల వాన) మేఘం తల, అసలు చోటికి 6 కిలోమీటర్లకు పైగా ఉత్తరాన ఉన్నట్టు చిత్రంలో నమోదవుతుంది. దీనినే పారలాక్స్ అంటారు. మేఘం తల ఉష్ణోగ్రతను బట్టి ఎత్తును అంచనా వేసి దీనిని సవరించవచ్చు. అయితే ఎత్తైన మేఘాన్ని ఎక్కువగా, తక్కువ ఎత్తు మేఘాన్ని తక్కువగా జరపవలసి ఉంటుంది కనుక, చిత్రం మొత్తాన్ని ఒకే కొలతతో దక్షిణానికి లాగితే ఒక తప్పు పోయి మరొకటి వస్తుంది.

ఇంతకంటే నన్ను కలవరపెట్టినది “ఇంకా స్పష్టంగా వచ్చింది” అన్న మీ మాట. ఎత్తుల డేటా 30 మీటర్ల గళ్ళది. ఇన్సాట్ పరారుణ చిత్రంలో ఒక్కో పిక్సెల్ 4 కిలోమీటర్లది. అంటే ఒక్క మేఘపు పిక్సెల్ కింద 17 వేలకు పైగా ఎత్తు గళ్ళు ఇముడుతాయి. పైచిత్రాన్ని రిసాంప్లింగ్‌తో (పెద్ద పిక్సెళ్ళను చిన్నవిగా మలచి) నున్నగా చేసి కింది హిల్‌షేడ్‌తో (కొండల వెలుగునీడల చిత్రంతో) కలిపినప్పుడు ప్రతి లోయకూ, ప్రతి శిఖరానికీ వేరొక రంగు వస్తుంది. ఆ తేడా పూర్తిగా కొండల నీడది, వానది కాదు. పైగా పరారుణ చిత్రం చెప్పేది మేఘం తల ఎంత చల్లగా ఉందో మాత్రమే, కింద ఎంత కురుస్తోందో కాదు. ఫోన్లలోని వాతావరణ యాప్‌లు ఎన్నో ఈ పనినే మనకు చెప్పకుండా చేస్తున్నాయి: అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ రంగులు మరింత మృదువవుతాయి, మూల డేటా ఎంత ముతకదో మాత్రం ఎక్కడా రాయరు. ఇది నిర్లక్ష్యపు రూపకల్పన అనే నా అభిప్రాయం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. అటువంటి చోట, మా లోయ మీద రంగు లేదు కదా అని ఒక కుటుంబం ఇంట్లోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఈ పటంతో పల్లెల పేర్లు చెప్పవద్దు.

ఎత్తుల డేటా నిజంగా ఉపయోగపడేది, కురిసిన నీరు ఎటు పోతుందో తెలుసుకోవడానికి. మీ ఊరి పక్కనుంచి పారే వంశధార పరివాహక ప్రాంతంలో అధిక భాగం ఒడిశాలోనే ఉంది, వరద మాత్రం దిగువన శ్రీకాకుళం జిల్లాకు చేరుతుంది. శ్రీకాకుళం జిల్లాలో వంశధార మీద ఉన్న గొట్టా బ్యారేజీని చివరి బిందువుగా తీసుకుని ఎగువ పరివాహక హద్దును గీయించి, దాని లోపల నాసా ఉపగ్రహాల ఆధారంగా ఇచ్చే ఐమెర్గ్ అరగంట వాన అంచనాల సగటు తీయండి. ఐమెర్గ్ గడి 0.1 డిగ్రీది, అంటే ఒక్కోదాని కింద 1,29,600 ఎత్తు గళ్ళు. ఒక ఊరికి అది పనికిరాదు గానీ నది మొత్తానికి పనికొస్తుంది. ఎత్తుల డేటాను ముక్కలుగా ఇచ్చే పలకలు (ఫైళ్ళు) నాలుగు మీ దగ్గరలోనే, 19 డిగ్రీల అక్షాంశం, 84 డిగ్రీల రేఖాంశం వద్ద కలుస్తాయి. నాలుగింటినీ ముందే అతికించకపోతే హద్దు దగ్గర నది తెగిపోతుంది. ఆ ఎత్తుల డేటా 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ 11 రోజుల యాత్రలో సేకరించినదని, దట్టమైన అడవి ఉన్నచోట చెట్ల ఎత్తు కూడా అందులో కలిసి ఉంటుందని గుర్తుంచుకోండి.

ఇక ఆ ప్రాజెక్టు ఫైలు. మాక్రో అంటే పైథాన్ ప్రోగ్రాం. అనుమతి ఇచ్చిన క్షణం నుంచి మీ కంప్యూటర్‌లో మీరు చేయగలిగిన పనులన్నీ అదీ చేయగలదు, ఫైళ్ళు చదివి బయటికి పంపడంతో సహా. జిప్ ఫైలు నుంచి ఎక్కించే ప్లగిన్లకూ (క్యూజీఐఎస్‌కు జోడించే అదనపు ప్రోగ్రాంలకూ) ఇదే వర్తిస్తుంది. మిత్రుడు మంచివాడే కావచ్చు, కానీ ఆ ఫైలు ఆయనకు ఎవరి దగ్గరి నుంచి వచ్చిందో మీకు తెలియదు. నాసా డేటా వెబ్‌సైటు ఎర్త్‌డేటా నుంచి డేటాను స్క్రిప్ట్‌తో (చిన్న ప్రోగ్రాంతో) దించుకునేవారి పాస్‌వర్డ్ సాధారణంగా నెట్‌ఆర్‌సీ అనే ఫైలులో, ఆ ఫైలు తెరిచినవారెవరైనా చదవగలిగేలా మామూలు అక్షరాల్లోనే ఉంటుంది. సాయం అడుగుతూ పాస్‌వర్డ్ తీసేయకుండానే స్క్రిప్ట్ నాకు పంపిన పాఠకులూ ఉన్నారు. దయచేసి ఆ పని ఎవరూ చేయవద్దు. మీరు ముందుగా వేరే పరికరం నుంచి మీ ఎర్త్‌డేటా పాస్‌వర్డ్ మార్చండి, అదే పాస్‌వర్డ్ ఈమెయిల్‌కు వాడుతుంటే అదీ మార్చండి. క్యూజీఐఎస్ సెట్టింగుల్లో మాక్రోలను పూర్తిగా ఆపివేసి, ఆ తరువాతే ఆ ఫైలును తెరిచి, ప్రాజెక్టు ప్రాపర్టీస్‌లోని మాక్రోల విభాగంలో ఏముందో చూడండి. మిత్రుడి రంగులే కావాలనుకుంటే రంగుల పట్టికను టెక్స్ట్ ఫైలుగా పంపమని అడగండి.