4కె ప్లాన్‌కు మారాలా, వద్దా?

ప్రశ్న: మా ఇంట్లో 43 అంగుళాల 4కె టీవీ ఉంది. దానికి సుమారు 3 మీటర్ల దూరంలో కూర్చుని సినిమాలు చూస్తాం. మేం కడుతున్నది ఫుల్ హెచ్‌డీ చందా. 4కె ప్లాన్‌కు మారమని యాప్ పదేపదే సూచిస్తోంది. టీవీ 4కె అయినందుకు ఎక్కువ కట్టక తప్పదా? – ఒక పాఠకురాలు

జవాబు: తప్పనిసరి ఏమీ కాదు. మీరు రాసిన కొలతలను బట్టి, కేవలం స్పష్టత కోసమే అయితే ఆ అదనపు చందా మీకు దండగేనని నా అభిప్రాయం.

ఫుల్ హెచ్‌డీ చిత్రంలో అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు (చిత్రాన్ని కూర్చే చిన్న చుక్కలు), అంటే మొత్తం దాదాపు 21 లక్షలు ఉంటాయి. 4కెలో అవి 3840, 2160 చొప్పున సుమారు 83 లక్షలకు చేరతాయి. పిక్సెళ్లు నాలుగింతలైన మాట నిజమే కానీ, వాటిని విడివిడిగా పోల్చుకునే శక్తి కంటికి ఉండాలి కదా. మామూలుగా మంచి చూపు అని లెక్కించే కన్ను డిగ్రీలో 60వ వంతు కోణం వరకే సూక్ష్మ వివరాలను విడదీసి చూడగలదు. ఆ లెక్కన 43 అంగుళాల తెరపై ఫుల్ హెచ్‌డీ పిక్సెళ్లు సుమారు 1.7 మీటర్ల దూరం దాటగానే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మీరు కూర్చునే చోటి నుంచి తేడా తెలియాలంటే దాదాపు 75 అంగుళాలు, అంతకు మించిన తెర కావాలి. చూపు మరీ చురుకైన వారికి ఈ 1.7 మీటర్ల హద్దు కొంత పెరుగుతుంది.

అయితే ఈ ప్లాన్‌తో పాటు తరచూ వచ్చే హెచ్‌డీఆర్‌ను, అంటే వెలుగునీడలను, రంగులను మరింత విస్తృతంగా చూపే పద్ధతిని, తేలికగా తీసిపారేయకూడదు. మామూలు వీడియోలో ఒక్కో రంగుకు 256 అంచెలు ఉంటే, 10 బిట్ల హెచ్‌డీఆర్‌లో 1024 ఉంటాయి. అందువల్ల సంధ్యాకాశం చారలు చారలుగా విడిపోకుండా నునుపుగా కనిపిస్తుంది, చీకటి సన్నివేశంలో దీపపు వెలుగు నిజంగా వెలుగులా అనిపిస్తుంది. ఈ తేడా దూరంతో మాయమయ్యేది కాదు. నా మటుకు, డబ్బు పెట్టదగినది ఏదైనా ఉంటే ఇదే. కానీ హెచ్‌డీఆర్ అని పెట్టె మీద రాసి ఉన్న టీవీలన్నిటికీ అంత కాంతిని ఇచ్చే సత్తా ఉండదు. వీలైతే ఒక్క నెలకే ప్లాన్ మార్చి, మీకు బాగా తెలిసిన రాత్రి సన్నివేశాన్ని రెండు ప్లాన్లలోనూ చూసి నిర్ణయించుకోండి.

ఇంటర్నెట్ సంగతి కూడా చూసుకోవాలి. నెట్‌ఫ్లిక్స్ 4కెకు 15 ఎంబీపీఎస్ వేగం ఉండాలంటుంది. గంటకు 7 జీబీ వరకూ డేటా ఖర్చవుతుంది. పరిమిత డేటా ఉన్నవారికి ఇది చిన్న భారం కాదు.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్‌తో టీవీకి కలిపి బ్రౌజర్‌లో సినిమాలు చూస్తాం. 4కె ప్లాన్ తీసుకున్నా చిత్రంలో మార్పు లేదు. లోపం ఎక్కడ ఉంది? – మరో పాఠకుడు

జవాబు: లోపం బహుశా బ్రౌజర్ దగ్గరే ఉంది. కాపీలను అరికట్టే రక్షణ నిబంధనల వల్ల చాలా సేవలు 4కెను కొన్ని బ్రౌజర్లకు, కొన్ని పరికరాలకే పరిమితం చేస్తాయి. మిగతా వాటికి మీరు ఎంత చందా కట్టినా తక్కువ స్థాయి వీడియోనే పంపుతాయి. దారిలో ఉన్న ప్రతి పరికరమూ సాధారణంగా హెచ్‌డీసీపీ 2.2 రక్షణ పద్ధతిని అంగీకరించాలి. ముందుగా టీవీలోనే ఉన్న యాప్‌లో అదే సినిమాను పెట్టి చూడండి. అక్కడ 4కె వస్తే ల్యాప్‌టాప్‌ను పక్కన పెట్టండి. అక్కడా రాకపోతే ఖాతా సెట్టింగుల్లో వీడియో నాణ్యతను తగ్గించి ఉంచారేమో చూసి, ఆ సినిమా అసలు 4కెలో ఉందో లేదో దాని వివరాల పేజీలో సరిచూసుకోండి. ఇవన్నీ సరిగా ఉన్నా ఫలితం లేకపోతే, వచ్చే నెల చందా కట్టేలోపే పాత ప్లాన్‌కు మారిపోండి.