కొడుకులా చూసిన గురువుగారిని జీతం గురించి అడగొచ్చా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. నాన్న హిందూపురం నుంచి పీణ్యాకి ఫ్యాక్టరీ పనికి వచ్చి బెంగళూరులోనే ఉండిపోయారు. నా ఎనిమిదో ఏట మా వీధి చివర టెన్నిస్ కోర్టులో బంతులు ఏరుతుంటే గురువుగారు చూసి, పైసా ఫీజు లేకుండా నేర్పారు. ఏఐటీఏ (అఖిల భారత టెన్నిస్ సంఘం) అండర్-14, అండర్-16 టోర్నమెంట్లు ఆడాను. 18వ ఏట నడుము ఎముకలో సన్నటి పగులు వచ్చి ఆట ఆగిపోయింది. అప్పటినుంచి ఆయన అకాడమీలోనే కోచ్‌ని. ఇప్పుడు నెలకు 22 వేలు. కిందటేడు ఆయన కొడుకు వచ్చాక టోర్నమెంట్ పిల్లల్ని అతనికి అప్పగించి, నన్ను రెడ్ బాల్ బ్యాచ్‌లకు, అంటే నెమ్మదైన బంతితో చిన్నపిల్లలకు నేర్పే బ్యాచ్‌లకు, మార్చారు. మూడు బ్యాచ్‌లు, 36 మంది పిల్లలు, తలా 3,500 ఫీజు. పెళ్లిచూపులకు వెళ్తే ‘కోచింగ్ సరే బాబూ, ఉద్యోగమేంటి?’ అంటున్నారు. ఇదీ ఉద్యోగమేనని వాళ్లకెలా చెప్పాలి? ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) లెవెల్ 1 కోచింగ్ కోర్సు చేస్తే మేలా, పటియాలా ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) డిప్లొమా మేలా? గురువుగారిని మాత్రం నొప్పించలేను, నన్ను కొడుకులా చూశారు. ‘ఆయన ఉప్పు తిన్నాం, నోరెత్తకు’ అంటారు నాన్న.

జవాబు: పిల్లనిచ్చేవాళ్లు జీతమెంత, ఇంటికి ఎన్నింటికి చేరతావు అని అడగకుండా ఎలా ఉంటారు? వాళ్లను మాటలతో ఒప్పించే ఉపాయం వెతక్కండి. పదకొండేళ్లుగా పిల్లలకు ఆట నేర్పుతున్న మనిషి 22 వేల దగ్గర ఎందుకు ఆగిపోయాడన్నది అసలు సంగతి. దానికి కారణం పెళ్లివారు కాదు, సర్టిఫికెట్ లేకపోవడమూ కాదు. ఇన్నేళ్లలో గురువుగారితో ఒక్కసారైనా కూర్చుని డబ్బు మాట మాట్లాడలేదు మీరు.

కోర్సు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఎన్ఐఎస్ డిప్లొమా పూర్తికాలపు చదువు, పని మానుకోవాలి. సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) లాంటి ప్రభుత్వ సంస్థల్లో కోచ్ ఉద్యోగం కావాలనుకుంటే అది చేయండి. మొదలుపెట్టేవాళ్లకూ మధ్యస్థాయి ఆటగాళ్లకూ నేర్పేందుకు పనికొచ్చేది లెవెల్ 1. మీరు చేస్తున్న పనికి అదే దగ్గర. మన దేశంలో ఏఐటీఏ ద్వారా జరుగుతుంది, పని మానుకోకుండా చేసుకోవచ్చు.

రెడ్ బాల్‌కి మార్చడాన్ని మీరు అవమానంగా తీసుకున్నారు. దీన్ని నేను ఒప్పుకోను. ఆరేళ్ల పిల్లాడికి మామూలు పసుపు బంతి ఇస్తే అది వాడి తలకంటే ఎత్తు లేస్తుంది. దాన్ని అందుకోవడానికి వాడు గ్రిప్‌ను, అంటే రాకెట్ పట్టును, పూర్తిగా కిందికి తిప్పేస్తాడు, వెనక్కి వాలతాడు, 27 అంగుళాల రాకెట్ మొయ్యలేక మోచేత్తో తోస్తాడు. నాలుగేళ్లు అలా ఆడితే ఆ గ్రిప్ చేతికి అలవాటైపోతుంది, తర్వాత నెట్ దగ్గర బంతి నేల తాకకముందే కొట్టే వాలీకి దాన్ని మార్చబోతే చెయ్యి మాట వినదు. రెడ్ బాల్ వేగం మామూలు బంతికంటే 75 శాతం తక్కువ, కోర్టు పొడవు 11 మీటర్ల చిల్లర, నెట్ ఎత్తు 80 సెంటీమీటర్లు, రాకెట్ 21 లేదా 23 అంగుళాలు. బంతి నడుము ఎత్తులో వస్తుంది కాబట్టి పిల్లాడు ముందుకు అడుగేసి కొడతాడు. ఆ తర్వాత 50 శాతం నెమ్మదైన ఆరెంజ్ బాల్ 18 మీటర్ల కోర్టులో, 25 శాతం నెమ్మదైన గ్రీన్ బాల్ పూర్తి కోర్టులో. పదేళ్లలోపు పోటీల్లో పసుపు బంతి వాడకూడదని 2012లో ఐటీఎఫ్ నియమమే తెచ్చింది. టోర్నమెంట్ బ్యాచ్‌కి వెళ్లే పిల్లాడి ఫోర్‌హ్యాండ్ మీ చేతిలోనే తయారవుతోంది. అది చిన్న పని కాదు.

డబ్బు వైపు నుంచి చూసినా అంతే. పోటీలకు వెళ్లే పిల్లల్ని కోర్టుకు నలుగురికి మించి పెడితే ప్రాక్టీస్ పాడవుతుంది. అదే కోర్టును అడ్డంగా విడదీస్తే నాలుగు రెడ్ కోర్టులొస్తాయి. పక్కన ఒక హెల్పర్ ఉంటే పన్నెండు మంది పిల్లలు వరుసలో ఎదురుచూడకుండా ఆడొచ్చు. పసుపు బంతులు డబ్బా విప్పిన రెండు మూడు వారాల్లో చచ్చుబడతాయి, రెడ్ బాల్స్ చాలాకాలం వస్తాయి. మీ లెక్క ప్రకారమే 36 మంది, 3,500 చొప్పున, నెలకు 1,26,000. కోర్టు అద్దె, లైట్ల కరెంటు, హెల్పర్ జీతం గురువుగారికి తక్కువేం కావు. అయినా మీ 22 వేలు అందులో ఎంతో చూడండి.

ఇక ‘కొడుకులా’ అన్న మాట. ఆయనకు కొడుకున్నాడు, అకాడమీ అతనికే వెళ్తుంది, వెళ్లాలి కూడా. అతని మీద కోపం పెట్టుకోకండి. మీరు ఆయన శిష్యులు. శిష్యుడికి గౌరవమైన స్థానముంది, దానికి తగిన ప్రతిఫలమూ ఉంది. ఫీజు లేకుండా నేర్పినందుకు మీరు ఆయనకు జన్మంతా ఋణపడి ఉంటారు, నేను కాదనను. కానీ ఎన్నాళ్లో చెప్పకుండా తక్కువ జీతానికి పనిచేస్తే ఆ ఋణం తీరదు, లోపల ఉక్రోషం పెరుగుతుంది. మీ ఉత్తరంలో అది అప్పుడే కనిపిస్తోంది.

ఆదివారం మధ్యాహ్నం, పొద్దుటి బ్యాచ్ ముగిశాక, ఆయన ఇంటికి వెళ్లండి. కోర్టులో పిల్లల ముందు వద్దు, ఫోన్లో అసలొద్దు. నాన్నను తీసుకెళ్లకండి. ఆయన మీకంటే ముందే చేతులు కట్టుకుని నిలబడతారు, మీ మాట అక్కడే ఆగిపోతుంది. జీతం పెంచమని కాకుండా వాటా అడగండి: రెడ్ బాల్ ఫీజుల్లో 30 శాతం, ఎట్టి పరిస్థితుల్లో 22 వేలకు తగ్గకుండా. నిండు నెలలో అది 37,800 అవుతుంది. పరీక్షల మార్చిలో పిల్లలు తగ్గుతారు, సెప్టెంబరు, అక్టోబరు సాయంత్రాలు వానకు పోతాయి, ఆ నెలల్లో కనీసం జీతం మిమ్మల్ని కాపాడుతుంది. దాంతోపాటు వారానికి ఒక పూర్తి సెలవు. ఏప్రిల్ సమ్మర్ క్యాంపు మొదలయ్యాక అడిగితే మెడ మీద కత్తి పెట్టినట్టుంటుంది, సంక్రాంతి దాటగానే అడగండి. ఆలోచిస్తానంటే నెలరోజులు ఆగండి. కుదరదంటే మూడు నెలల ముందు చెప్పి, క్యాంపు పూర్తిచేసి ఇచ్చి బయటికి రండి.

బయటికి వస్తే వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు అపార్ట్‌మెంట్లలో కోర్టులున్నాయి. ఒప్పందం నివాసితుల సంఘంతో రాతపూర్వకంగా ఉండాలి: నెలకు ఇంతా, ఫీజులో వాటానా, బయటి పిల్లల్ని రానిస్తారా, లైట్ల కరెంటు ఎవరిది. టేపు పట్టుకెళ్లి బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెనక ఖాళీ కొలవండి. ఐదున్నర మీటర్లు లేకపోతే పెద్ద పిల్లలు కంచెకు గుద్దుకుంటారు, అలాంటి చోట రెడ్, ఆరెంజ్ వరకే ఒప్పుకోండి. బంతుల బుట్ట నేల మీద పెట్టి వంగకండి, నడుము ఎత్తు స్టాండ్ మీద పెట్టుకోండి. చిన్నపిల్లలకు రాకెట్‌తో కాకుండా చేత్తో విసరండి. సర్వ్ పదేపదే కొట్టి చూపించొద్దు. ఒకసారి పగిలిన నడుమిది, ఇంకో ముప్పై ఏళ్లు దాంతోనే నడవాలి.

గురువుగారి కోర్టుకు ఐదు కిలోమీటర్లలోపు మొదలుపెట్టకండి. అక్కడి తల్లిదండ్రుల నంబర్లకు మీరుగా మెసేజ్ పెట్టకండి. ఎవరైనా వాళ్లంతట వాళ్లే వస్తామంటే, ముందు సార్‌తో చెప్పి, కట్టిన ఫీజు నెల పూర్తయ్యాక రమ్మనండి. మీ దగ్గర ఫీజు కట్టలేని పిల్లలు ఇద్దరిని ఎప్పుడూ ఉంచుకోండి. ఋణం తీర్చడానికి నాకు తెలిసిన దారి ఇదే.

పెళ్లిచూపుల్లో మధ్యవర్తి చేత చెప్పించకుండా అమ్మాయితో మీరే మాట్లాడండి. పొద్దున ఐదుకి వెళ్తాను, రాత్రి ఎనిమిదిన్నరకు వస్తాను, మధ్యాహ్నాలు ఇంట్లో ఉంటాను, శని ఆదివారాలూ పని ఉంటుంది, వేసవి సెలవుల్లో ఎక్కడికీ తీసుకెళ్లలేను, సంపాదన ఇంత అని. గురువుగారి దగ్గరికి వెళ్లొచ్చాకే తర్వాతి సంబంధం చూడండి. అప్పుడైతే ‘సంపాదన ఇంత’ అన్నచోట ఏ అంకె చెప్పాలో మీకు తెలిసి ఉంటుంది.