చివరి షాట్ల దాకా నిలకడ

ప్రశ్న: మా అమ్మాయి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ షూటింగ్‌లో రాష్ట్రస్థాయి పోటీలకు వెళ్తోంది. పోటీ ఉదయం ఆందోళనతో ఏమీ తినదు, కాఫీ మాత్రం తాగుతుంది. మొదట బాగా కాల్చినా, చివర్లో చెయ్యి నిలవడం లేదంటోంది. ముందుగా గ్లూకోజ్ నీళ్లు ఇవ్వవచ్చా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: గ్లూకోజ్ నీళ్లకన్నా ముందు మీ అమ్మాయికి కావలసింది ఉదయపు ఫలహారం. 15 నిమిషాల సన్నాహక సమయం, ఆపైన 60 షాట్లకు 75 నిమిషాలు కలిపితే, బిరుసైన జాకెట్ తొడుక్కుని గంటన్నర దాకా రేంజ్‌లో నిలబడాలి. ఇందులో ఖర్చయ్యే శక్తి తక్కువే అయినా ఏకాగ్రత చెదరకూడదు. రాత్రి భోజనం తరువాత ఏమీ తినని శరీరానికి అది కష్టం. పైగా ఖాళీ కడుపున తాగిన కాఫీ ఆందోళనతో కలిసి గుండె వేగాన్నీ, చేతి వణుకునూ పెంచవచ్చు. రెండు గుండెచప్పుళ్ల మధ్య నిశ్చలతను వెతుక్కునే ఆటలో ఇది చిన్న నష్టం కాదు.

రిలే (షూటర్లు జట్లుగా కాల్చే వంతు) సమయానికి రెండు మూడు గంటల ముందు సాంబారుతో ఇడ్లీలో, పెసరట్టో, గుడ్డుతో కొంచెం ఉప్మానో పెట్టండి. భోజనం కాగానే జీర్ణక్రియ కోసం గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది కనుక ఈ వ్యవధి అవసరం. పూరీ, గారె వంటి నూనె వంటకాలు కడుపులో ఎక్కువసేపు నిలుస్తాయి. మధ్యాహ్నపు రిలే అయితే ఫలహారం తరువాత, పోటీకి గంట ముందు ఒక అరటిపండు చాలు. ఆందోళనతో ముద్ద దిగని పిల్లలకు పెరుగన్నం తేలికగా దిగుతుంది. ఏది పెట్టినా సాధన రోజుల్లోనే అలవాటు చేయండి.

ఖాళీ కడుపున ఒక్కసారిగా గ్లూకోజ్ తాగితే కొందరికి రక్తంలో చక్కెర పెరిగి, కాసేపటికే పడిపోతుంది; అందుచేత నేను దాన్ని సూచించను. నీళ్లు మాత్రం తప్పనిసరి. జాకెట్ లోపలి చెమటతో నీరు తగ్గినా గుండె వేగం పెరుగుతుంది. రెండు గంటల ముందు ఒకటి రెండు గ్లాసులు, ఆపైన గుక్కెడు గుక్కెడుగా తాగనివ్వండి. వేసవిలో ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మంచిది. రోజూ కాఫీ తాగే అలవాటుంటే హఠాత్తుగా మాన్పించకండి, తలనొప్పి రావచ్చు. తిన్న తరువాత అరకప్పు ఇవ్వండి.

ఒక్క విషయంలో చాలా జాగ్రత్తగా ఉండండి: వణుకు తగ్గుతుందని ఎవరు చెప్పినా ప్రొప్రనొలాల్ వంటి బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే) మాత్రలు ఇవ్వకండి. షూటింగ్‌లో అవి పోటీ సమయంలోనే కాక, సాధన కాలంలోనూ నిషిద్ధం. తిన్న రోజున కూడా వణుకు వస్తే కోచ్ చేత నిలబడే తీరును పరీక్షింపజేయండి. కళ్లు తిరగడం, చల్లని చెమటలు ఉంటే వైద్యుణ్ణి కలవండి.