ప్రేమ నవలలు ఇష్టపడితే చిన్నతనమా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, సీతమ్మధార. నాకు 28 ఏళ్లు. ఎం.ఏ. తెలుగు చేసి ఒక ప్రైవేటు స్కూల్లో పనిచేస్తున్నాను. నాన్నగారు తెలుగు లెక్చరర్‌గా రిటైరయ్యారు. నేను పీహెచ్‌డీ చేసి, విమర్శకురాలిగా పేరు తెచ్చుకోవాలని ఆయన కోరిక. నాకేమో చిన్నప్పట్నుంచీ ప్రేమ నవలలంటే ప్రాణం. అమ్మ అటక మీద దాచుకున్న పాత సీరియళ్ల బైండులతో మొదలైంది ఈ ఇష్టం. కొంతకాలంగా కలం పేరుతో ప్రతిలిపి అనే కథల యాప్‌లో ఒక సీరియల్ రాస్తున్నాను. మొన్న నాన్నగారు అది చూశారు. ఇంటికొచ్చిన స్నేహితుల ముందు నా ఫోన్ తీసుకుని రెండు పేరాలు పైకి చదివి, "ఇదండీ మా అమ్మాయి సాహిత్య సేవ" అన్నారు. అందరూ నవ్వారు. నేను కాఫీ ట్రేతో అక్కడే నిలబడిపోయాను. అప్పట్నుంచి ఒక్క ముక్క రాయలేకపోతున్నాను. నా అభిరుచి అంత చవకబారుదా? మానేయమంటారా?

జవాబు: మానేయకండి. ముందు ఆ సాయంత్రం సంగతి మాట్లాడుకుందాం. మీ రాత నచ్చకపోవడం మీ నాన్నగారి ఇష్టం. నలుగురిలో మిమ్మల్ని నవ్వులపాలు చేయడం మాత్రం తప్పు. ఎంత చదువుకున్న మనిషి చేసినా తప్పే. వాళ్లు నవ్వారు కాబట్టి మీ కథ పనికిరానిదని మీరు అనుకుంటున్నారు. వచ్చినవాళ్లు విన్నది రెండు పేరాలు, అదీ వెక్కిరిస్తున్న గొంతులో. అలా చదివితే ఎవరి రాతయినా తేలిపోతుంది.

ఇక మీ నాన్నగారు. ఆయన్ని దుర్మార్గుడిగా చూడకండి. మనది శ్రీశ్రీ పుట్టిన ఊరు. రావిశాస్త్రి ఇక్కడే వకీలుగా పనిచేస్తూ కోర్టుల చుట్టూ తిరిగే పేదవాళ్ల కథలు రాశారు. 1970లో శ్రీశ్రీ షష్టిపూర్తి ఇక్కడ జరిగినప్పుడు, మీరు ఎటువైపని విద్యార్థులు రచయితలను కరపత్రం వేసి మరీ నిలదీశారు. ఆ ఏడాదే విప్లవ రచయితల సంఘం (విరసం) పుట్టింది. ఆ వేడిలో పెరిగిన తరానికి సాహిత్యమంటే కాలక్షేపం కాదు, ఏదో ఒక పక్షాన నిలబడటం. అలాంటి ఆయన కంటికి ప్రేమ కథ బాధ్యత నుంచి తప్పుకోవడంలా కనిపిస్తుంది. పైగా ఇంటినిండా కూడబెట్టిన పుస్తకాలు తన తర్వాత ఎవరికీ అక్కర్లేకుండా పోతాయేమోనన్న దిగులు కూడా ఉండి ఉంటుంది. ఆ దిగులు నిజమైనదే. దాన్ని వెటకారంగా బయటపెట్టడమే ఆయన చేసిన పొరపాటు.

కానీ ఆయన చూడనిది ఒకటుంది. 1960, 70 దశకాల్లో తెలుగు పత్రికలు ఊరూరా చదివించుకోవడంలో రచయిత్రుల సీరియళ్ల పాత్ర చాలా పెద్దది. యద్దనపూడి సులోచనారాణి నవలల కోసం అద్దె లైబ్రరీల్లో వరస కట్టేవారు. కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని రాసేంత గిరాకీ ఉండేది. అవి చదివినవాళ్లలో చాలామంది ఇంటిపని తెమిలాక, మధ్యాహ్నం గంటసేపు దొరికితే ఆ గంటలో చదువుకున్న గృహిణులు. ఉద్యోగానికి వెళ్లే అమ్మాయి, ఆత్మాభిమానం దెబ్బతింటే ఎదురు మాట్లాడే అమ్మాయి వాళ్లకు ఆ నవలల్లోనే కనిపించింది. అది చిన్న విషయమని నేననుకోను.

మీ అమ్మగారి బైండుల గురించి ఉత్తరంలో ఒక్క వాక్యమే రాశారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. వారవారం పత్రికలోంచి కాగితాలు జాగ్రత్తగా చింపి, వరస తప్పకుండా పేర్చి, డబ్బులిచ్చి బైండు చేయించి, చివరికి వాటిని హాల్లోని అల్మరాలో పెట్టకుండా అటక మీద పెట్టారావిడ. ఎందుకు అటక మీద పెట్టాల్సి వచ్చిందో ఎప్పుడైనా అడిగారా? ఆ రోజు నవ్వులు ఆవిడకూ తగిలే ఉంటాయి. ఒకరోజు ఆ బైండులు కిందికి దించి, దుమ్ము దులిపి, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. నాన్నగారి మీద సాక్ష్యం చెప్పమని మాత్రం ఆవిడను లాగకండి.

నాన్నగారితో మీరే మాట్లాడాలి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, గొంతు పెంచకుండా, "నాన్నగారూ, నా రాత నచ్చకపోతే నాతో చెప్పండి, వింటాను. నా ఫోన్ తీసి పదిమందిలో చదవకండి. ఆ రోజు నాకు చాలా బాధేసింది" అనండి. అక్కడితో ఆపండి. ప్రేమ నవల గొప్పదా కాదా అన్న వాదనలోకి దిగారో, ఆయన మళ్లీ లెక్చరర్ అయిపోతారు, మీరు మళ్లీ స్టూడెంట్ అయిపోతారు. మీ సీరియల్ ఆయన చేతికిచ్చి మెచ్చుకోమని అడగొద్దు కూడా. ఆయన ఎప్పటికీ మెచ్చుకోకపోవచ్చు. మీరు రాయడానికి అది అడ్డం కానక్కర్లేదు.

పీహెచ్‌డీని ఈ గొడవతో ముడిపెట్టకండి. పరిశోధన మీద మీకు మనసుంటే చేయండి. మన వారపత్రికల సీరియళ్లనే అంశంగా తీసుకోవచ్చు, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంతో వెతకడం మొదలుపెట్టవచ్చు. మనసు లేకపోతే, ఆయన కోసం నాలుగైదేళ్లు అందులో గడిపి తర్వాత ఆయన్నే నిందించే పరిస్థితి తెచ్చుకోవద్దు.

మీ రాత విషయంలో ఒక్క మాట. చెంపదెబ్బ కొట్టే హీరోని, కాదన్నా వెంటపడే హీరోని గొప్ప ప్రేమికుడిగా చూపించే కథలు బోలెడున్నాయి. ఆ విమర్శ ఎవరు చేసినా వినండి. మీ హీరో ఆమె మాట వినే మనిషేనా అని మీ సీరియల్‌ని మీరే ఒకసారి చదివి చూసుకోండి. ఆగిపోయిన భాగం ఈ వారమే మొదలుపెట్టండి, పది వాక్యాలైనా సరే. కలం పేరు మీ ఇష్టం. బంధువులందరికీ చెప్పాల్సిన పనిలేదు. ఇంట్లో మాత్రం ఇకనుంచి తలుపేసుకుని రాయకండి.