ఒంటి లెక్క వేరు, సిలిండర్ లెక్క వేరు

మనిషికి రోజుకు ఎంత ఆక్సిజన్ కావాలి, ఆ లెక్కన ఒక సిలిండర్ ఎన్ని రోజులొస్తది అని అడిగారు కదా. మామూలు మనిషి ఒంట్లో రోజుకు ఖర్చయ్యేది సుమారు 550 లీటర్లు. కదలకుండా పడుకుంటే నిమిషానికి పావు లీటరు, అంటే రోజుకు 360 దాకా. నాట్లేసే రోజు అంతకు చాలా ఎక్కువే.

ఈ 550ని నమ్ముకునే నేను 2021 మేలో బోల్తా పడ్డాను. కోవిడ్ తగ్గి హన్మకొండలో ఇంటికొచ్చాక కూడా మా బాపుకు నిమిషానికి 2 లీటర్లు పెట్టమన్నారు డాక్టర్. బీ టైప్ సిలిండర్ తెచ్చాం, నిండుగా ఉంటే 1500 లీటర్లు, 550తో భాగించి రెండున్నర రోజులు ఢోకా లేదని పడుకున్నా. తెల్లారి చూస్తే ఆక్సిజన్ వచ్చే దారిలో ఉండే నీళ్ల సీసాలో బుడగల్లేవు, ఆక్సీమీటర్‌లో 88. "గింత పెద్ద బండ గప్పుడే అయిపాయెనా" అని అవ్వ ఒకటే ఏడుపు. పక్కింటోళ్ల దగ్గర ఒకటుంటే అది పెట్టి గట్టెక్కాం.

తప్పు నాదే. 550 అనేది రక్తంలోకి చేరేది. రోజుకు 11,000 లీటర్ల గాలి పీలుస్తాం, అందులో ఆక్సిజన్ 21 శాతం, వదిలే గాలిలో ఇంకా 16 శాతం అట్లనే ఉంటుంది. సిలిండరేమో మనం ఊపిరి వదిలేటప్పుడు కూడా ఆగదు, అదంతా గదిలోకే పోతుంది. కాబట్టి దానికి ఫ్లోమీటర్ లెక్కే, అంటే నిమిషానికి ఎన్ని లీటర్లు వదులుతున్నామో ఆ లెక్కే వెయ్యాలి: 1500ని 2తో భాగిస్తే 750 నిమిషాలు, పన్నెండున్నర గంటలు, అంతే. అది కూడా నిండుగా ఉంటే! మళ్లీ నింపించుకొచ్చినప్పుడు ప్రెషర్ చూపే గేజ్ చూస్తే 150 బార్ మీద ఉండాల్సిన ముల్లు 110 దగ్గరే ఉంది. ఈ సిలిండర్ లోపలి చోటు 10 లీటర్లే, గ్యాస్‌ను అందులో ఒత్తి నింపుతారు; 10ని 110తో గుణిస్తే 1100 లీటర్లు, తొమ్మిది గంటలే. నింపిన చోట ఆ రద్దీలో అడిగితే వినేదెవరు?

బాపు భూపాలపల్లి బొగ్గు బాయిలో పనిచేశాడు. అక్కడ గాలిలో ఆక్సిజన్ 19 శాతం కన్నా తగ్గకూడదని రూల్. కోలుకున్నాక, "బాయిల మేం గాలి జూసుకోందే పనిల దిగకపోదుం, నువ్వు ముల్లన్న జూడకపోతివి" అని ఎత్తిపొడిచాడు.

ఆఖరికి కాన్సన్‌ట్రేటర్ అద్దెకు తెచ్చాం. గది గాలిలోంచి నైట్రోజన్ తీసేసి ఆక్సిజన్ ఇస్తుంది, అయిపోవడమంటూ లేదు. కరెంటు పోతే ఆగుతుంది, అందుకే సిలిండర్‌ను మంచం పక్కనుంచి తియ్యలేదు.