ఉరుములు మొదలైతే పొలంలో ఉన్నవాళ్లు ఎక్కడికి పోవాలి?

చెట్టు కిందికి పోవద్దంటారు, మరి ఎక్కడికి పోవాలని అడిగారు. ఎక్కడికన్నది తర్వాత, ఎప్పుడన్నదే ముఖ్యం. మొదటి ఉరుముకే కదలాలి.

కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర మా అమ్మ పుట్టినూరు. ఒక ఏడాది అక్కడ మా మామ చేలో బుడ్డలు (వేరుశనగ) పెరుకుతున్నారు. ఆదోని వైపు మబ్బు కమ్మి చాలాసేపటి నుంచి ఉరుముతోంది. కూలీలు ఇంటికి పోతామన్నారు. "ఈ సాళ్లు అయిపోనీండమ్మా, ఇప్పుడు పోతే సగం కూలే" అన్నాడు మేస్త్రీ. చినుకులు పడగానే ఆడవాళ్లంతా గట్టు మీది వేపచెట్టు కిందికి ఉరికారు. నేను, మా మామ బండి కోసం రోడ్డెక్కామో లేదో పిడుగు పడింది. మానుకు ఆనుకున్నామె కుప్పకూలింది. కొంచెం ఎడంగా ఉన్న మా చిన్నమ్మకు కాళ్లు మొద్దుబారాయి. పిడుగు మాను నుంచి పక్క మనిషి మీదికి దూకుతుంది, నేలలోనూ పాకుతుంది.

మేం తిరిగొచ్చేసరికి పడిపోయినామెను ఎవరూ ముట్టుకోలేదు, ఒంట్లో కరెంటు ఉంటుందని భయం. ఆమె బతకలేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. పిడుగు తగిలిన ఒంట్లో కరెంటు మిగలదు. ఆగేది గుండె. 108కి ఫోన్ చేసి, ఆ క్షణం నుంచే ఛాతీ మధ్యలో గట్టిగా నొక్కుతూ ఉంటే బతికే అవకాశం ఉంది. ఉపాధి హామీ పనుల దగ్గరైనా ఇది నేర్పరెందుకు?

పక్కా ఇల్లు, అద్దాలు మూసిన కారు, బస్సు మంచివి. ఆటో, రేకుల పందిరి, ట్రాక్టర్ ట్రాలీ పనికిరావు. ఏదీ దొరక్కపోతే చెట్లకు, స్తంభాలకు, ఇనుప కంచెకు దూరంగా, ఒకరికొకరు ఎడంగా, పాదాలు దగ్గర పెట్టుకుని గొంతుక్కూర్చోవాలి, పడుకోకూడదు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. అర్జునా ఫల్గుణా అని నేనూ తలుచుకుంటాను, కానీ తలుచుకుంటూ నడవండి.

2022లో దేశంలో పిడుగులకు 2,887 మంది చనిపోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. పిడుగు ముప్పును ముందే చెప్పే, పుణె వాతావరణ శాస్త్రజ్ఞుల 'దామిని' యాప్ ఉంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల పేర్లతో హెచ్చరికలూ ఇస్తోంది. కూలీ ఫోను గట్టు మీద సంచిలో ఉంటుంది. చూడాల్సింది చేను ఆసామి, మేస్త్రీ. చూసి, పూర్తి కూలి ఇచ్చి పంపాలి. సగం కూలి పోతుందనే కదా వాళ్లు ఆగేది! మా మామ ఇప్పుడు అలాగే పంపిస్తాడు. పక్క చేలవాళ్లు కూలీలను చెడగొడుతున్నావని ఆయనతో గొడవ పడుతున్నారు.