రిసీవర్ విప్పే ముందు గ్రాఫ్ చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నీ రేడియో టెలిస్కోపులో 22 గిగాహెర్ట్జ్ దగ్గర ఫేజ్, అంటే రెండు యాంటెన్నాలకు చేరే అలల మధ్య దశ తేడా, ఒక్క చోట నిలవడం లేదని, రెండు రోజులుగా కేబుళ్లు విప్పి బిగిస్తూనే ఉన్నానని రాశావు. ఆ పాట్లు నేనూ పడ్డవాణ్నే. నీ వయసులో ఒక మధ్యాహ్నం ఫేజ్ గీత పాములా మెలికలు తిరుగుతుంటే రిసీవర్ పాడైందనుకుని పట్టుబట్టి మార్పించాను. కొత్తదీ అలాగే ఆడింది. పొద్దు గుంకాక ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే గీత సర్దుకుంది. టెక్నీషియన్ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

అందుకే ముందు గ్రాఫ్ చూడమంటాను. ఒకే యాంటెన్నాలోని రెండు పోలరైజేషన్లూ (అల కంపించే రెండు తీరులను విడివిడిగా పట్టే సిగ్నళ్లు) జంటగా కదులుతున్నాయా? అయితే చాలావరకు అది గాలి పనే. ఒకటి నిలకడగా ఉండి రెండోది ఒక్కటే గెంతుతుంటే అప్పుడు ఎలక్ట్రానిక్స్ జోలికి వెళ్లు. పక్కపక్కనున్న యాంటెన్నాల జతలో కదలిక తక్కువగా, దూరపు జతలో ఎక్కువగా ఉంటే ఇక దాదాపు తేలిపోయినట్టే. ఫ్రీక్వెన్సీ రెట్టింపైతే ఫేజ్ కదలికా రెట్టింపవుతుంది, ఎందుకంటే కింది వాతావరణం ఈ ఫ్రీక్వెన్సీలన్నిటినీ దాదాపు ఒకే మేరకు ఆలస్యం చేస్తుంది. ఎంతో పైన విద్యుదావేశ కణాలతో నిండిన పొర, అయనోస్ఫియర్‌ది తలకిందుల లెక్క. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ దాని బెడద పెరుగుతుంది.

సముద్రమట్టం దగ్గర నిట్టనిలువుగా చూసినా పొడి గాలి వల్ల అలకు సుమారు 2.3 మీటర్ల అదనపు దారి పడుతుంది. అంత ఉన్నా అది నెమ్మదిగా మారుతుంది, పెద్దగా బాధ పెట్టదు. నీటి ఆవిరి వాటా మామూలుగా అరమీటరు కూడా ఉండదు, కానీ తగవంతా దానితోనే. అది గాలిలో సమంగా కలవదు. ఒక చోట ఒత్తుగా, పక్కనే పలచగా ఉంటుంది. నెత్తిమీది ఆవిరినంతా నీరు చేసి పోస్తే ఎంత మందం వస్తుందో ఊహించు. ఆ మందం 1 మిల్లీమీటరు పెరిగితే అల దారి సుమారు 6.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. నీ 22 గిగాహెర్ట్జ్ అల పొడవే 13.6 మిల్లీమీటర్లు. అంటే ఫేజ్ దాదాపు సగం చుట్టు తిరిగిపోయింది! అదే ఆవిరి 21 సెంటీమీటర్ల అలనైతే 11 డిగ్రీలే కదుపుతుంది.

ఆకాశం నీలంగా ఉందని మురిసిపోకు. ఆవిరి కంటికి కనపడదు. ఎండకు నేల కాగి గాలి పైకి పొంగే నిర్మలమైన మధ్యాహ్నం కంటే, సన్నగా మబ్బు పట్టిన ప్రశాంతమైన రాత్రే చాలాసార్లు నయం.

ఇక మందు సంగతి. ఫేజ్ సరిచూసుకోవడానికి వాడే, చోటు కచ్చితంగా తెలిసిన రేడియో మూలమే కాలిబ్రేటర్. టెలిస్కోపును దాని వైపు ఎంత త్వరగా తిప్పి మళ్లీ లక్ష్యానికి తెస్తావన్నదే ముఖ్యం. ఆవిరి పొర ఒక ముడతల దుప్పటిలా నీ మీదుగా సాగిపోతోందనుకో. గాలి వేగం సెకనుకు 10 మీటర్లు, నువ్వు 2 నిమిషాలకోసారి కాలిబ్రేటర్ చూస్తున్నావు. ఈలోగా దుప్పటి 1200 మీటర్లు జరుగుతుంది. అందులో సగం, అంటే 600 మీటర్ల బేస్‌లైన్‌లో (రెండు యాంటెన్నాల మధ్య దూరం) ఉండేంత లోపం సరిదిద్దాక కూడా మిగులుతుంది. నీ యాంటెన్నాలు 10 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఇది పెద్ద లాభమే. 300 మీటర్ల జతకు మాత్రం ఆ 2 నిమిషాల చక్రంతో ఒరిగేదేమీ లేదు, వేగం పెంచాల్సిందే. కాలిబ్రేటర్ కాస్త మసకగా ఉన్నా, సిగ్నల్ చాలినంత వస్తే, ఆకాశంలో నీ లక్ష్యానికి దగ్గరదే ఎంచుకో. దూరపు కాలిబ్రేటర్‌ను వేరే ఆవిరిలోంచి చూస్తావు.

5000 మీటర్ల ఎత్తున, అంత పొడి చోట ఉన్న చిలీలోని ఆల్మా టెలిస్కోపుకే ఈ బాధ తప్పలేదు. అక్కడి 12 మీటర్ల యాంటెన్నాలకు 183 గిగాహెర్ట్జ్ దగ్గర ఆవిరిని కొలిచే రేడియోమీటర్లు బిగించారు. నీకా సదుపాయం లేదు కాబట్టి రాత్రుళ్లను నమ్ముకో. నీ లక్ష్యం బాగా ప్రకాశవంతమైనదైతే దాని డేటాతోనే సెల్ఫ్ కాలిబ్రేషన్ చేసుకోవచ్చు.

ఈసారి పరిశీలన మొదలుపెట్టే ముందు ప్రకాశవంతమైన కాలిబ్రేటర్ మీద 10 నిమిషాలు కదలకుండా ఉండు. నిమిషంలోపే ఫేజ్ 60 డిగ్రీలు దాటి తిరుగుతుంటే టెన్షన్ పడకుండా ఆ రాత్రికి తక్కువ ఫ్రీక్వెన్సీ పని పెట్టుకో. ఫేజ్ చెదురు 57 డిగ్రీలు మిగిలిపోతే సగటు తీసేసరికి సిగ్నల్ 61 శాతానికి పడిపోతుంది. తర్వాత ఎంత గింజుకున్నా అది తిరిగి రాదు.

ఆ 10 నిమిషాల గ్రాఫ్ నాకు పంపు, కలిసి చూద్దాం. ఈలోగా రిసీవర్ మూత మాత్రం బిగించెయ్.